శనగబద్దంత మెదడు

పొద్దు 402

లాగ్ రాయడం నాకు ఇష్టం లేదు. ఎర్రపాలెంలో ప్రతి శాఖ పెద్దా రాయాలని రూలు ఉంది కాబట్టి రాస్తున్నాను. శాఖ అంటే పెద్ద గుంపు అనుకునేరు. మెదడు కణాల శాఖలో ఉన్నది నేను, శేషశాయి, పెట్టెలో ఒక మర చెయ్యి. అంతే.

పొద్దున దీపాలు వెలిగాక మొలకకి తిండి పెట్టాం. నిజానికి పెట్టేది గొట్టం. అది సరిగ్గా కారుతోందో లేదో చూడడమే నా ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళు చదివి, ఇంత దూరం వచ్చి చేస్తున్నది ఇదీ.

మొలక శనగబద్దంత ఉంటుంది. హైమ కడుపులో బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీటిలోంచి నాలుగు కణాలు తీసి, వాటిని మెదడు కణాలుగా మార్చి పెట్టెలో పెంచుతున్నాం. కడుపులో బిడ్డ మెదడు ఏ వారం ఏ పని మొదలుపెడుతుందో, పెట్టెలో మొలక కూడా ఆ వారం అదే పని మొదలుపెడుతుంది. బిడ్డను ముట్టుకోకుండా బిడ్డ సంగతి తెలుసుకోవడానికి మాకున్న దారి ఇదొక్కటే.

హైమ గాలి గొట్టాలకు వెల్డింగు చేస్తుంది. నాలుగు వందల మంది ఉన్న ఈ ఊళ్ళో మొట్టమొదట కడుపుతో ఉన్నది ఆమే. ఈ ఎర్ర గ్రహం మీద ఇంతవరకు ఎవరూ పుట్టలేదు. ఒంటి బరువు మూడో వంతుకు పడిపోయే ఈ చోట బిడ్డ మెదడు సరిగ్గా కట్టుకుంటుందో లేదో ఎవరికీ తెలియదు. అందుకని కౌన్సిలు ఒక షరతు పెట్టింది. మొలక బాగుంటేనే కడుపు నిలపాలి, లేకపోతే తీసేయాలి. ఇరవయ్యో వారానికి ముందే తేల్చాలి. హైమ, ఆమె భర్త లాజర్ ఇద్దరూ దానికి ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే బిడ్డను కనడానికి అనుమతే వచ్చేది కాదు మరి.

మేము ముఖ్యంగా చూసేది ఒక్క జన్యువును. దాని అసలు పేరు నోరు తిరగదు, మేము 'దారి' అంటాం. కొత్తగా పుట్టిన మెదడు కణం లోపలి నుంచి పైపొర దాకా నడిచి వెళ్ళి తన చోటు తను చూసుకోవాలి. దారి పనిచేస్తేనే అది నడుస్తుంది. లేకపోతే ఎక్కడిది అక్కడే కూలబడుతుంది, మెదడు పొరలు కట్టదు. వారానికోసారి మర చెయ్యి మొలకలోంచి చిటికెడు తీసి, దారి ఎంతగా పనిచేస్తోందో చూసి నూటికి మార్కు వేస్తుంది. భూమి మీద మా పాత లాబ్‌లో పెరిగిన మొలకలు ఈ వయసులో ఎప్పుడూ ఎనభైకి తగ్గలేదు.

ఇవాళ పదహారో వారం. హైమ బిడ్డకు ఎనభై ఆరు.

క్యాంటీన్లో వంట లాజర్‌దే. నన్ను చూడగానే గరిటె పక్కన పెట్టేశాడు.

"ఎంతొచ్చిందమ్మా?"

"ఎనభై ఆరు."

"దేవునికి స్తోత్రం. నాకు టెన్తులో కూడా అన్ని రాలేదు," అని నా ఉప్మాలో ఇంకో గుప్పెడు వేరుశనగలు వేశాడు.

క్యాంటీన్ గోడ మీద రెండు గడియారాలు ఉంటాయి. ఒకటి ఇక్కడిది. రెండోది ఊరి గడియారం, అంటే భూమి టైము. ఇక్కడి పొద్దు భూమి రోజు కంటే నలభై నిమిషాలు పెద్దది. కాబట్టి ఆ రెండూ తోడికోడళ్ళలా ఎవరి లెక్కన వాళ్ళు తిరుగుతుంటాయి. లోపలికి వచ్చిన ప్రతి మనిషీ ముందు ఊరి గడియారాన్నే చూస్తాడు. నేనూ అంతే. విజయనగరంలో ఇప్పుడు ఎంతయిందో తెలుసుకుని నేను చేసేది ఏమీ లేదు, అయినా చూస్తాను.

పొద్దు 409

పదిహేడో వారం. అరవై ఒకటి.

శేషశాయి నాకంటే పదేళ్ళు చిన్న, పని విషయంలో నాకంటే పదింతలు చాదస్తుడు. కాఫీ కప్పుతో లాబ్ గడప దాటనివ్వడు. ఆ అంకె చూసి పెట్టెలో తేమ కొలిచాడు, గొట్టం మార్చాడు, వడపోత జల్లెడ విప్పి కడిగాడు. జల్లెడ నిండా ఎర్ర దుమ్ము. ఇక్కడ ఏది విప్పినా అదే.

"ఒక్క వారం తగ్గినంత మాత్రాన కంగారు పడకూడదు మేడం," అన్నాడు.

"నేను పడుతున్నానా?"

"లేదు. నాకు నేను చెప్పుకుంటున్నాను."

పొద్దు 416

ముప్ఫై నాలుగు. అనుమానం వచ్చినప్పుడల్లా మళ్ళీ చిటికెడు తీయించలేం. మొలక ఇప్పటికే సగమైంది. ప్రతి చిటికెడూ అందులోంచే పోవాలి. కొత్త మొలక కావాలంటే హైమ కడుపులోకి మళ్ళీ సూది వెయ్యాలి. రెండోసారి ఆ పని ప్రమాదం, నేను చెయ్యను.

కౌన్సిలులో వైద్యం చూసే రామబ్రహ్మంగారు సాయంత్రం లాబ్‌కి వచ్చారు. ఆయన ఎప్పుడూ కూర్చోరు, తలుపు దగ్గరే నిలబడి మాట్లాడతారు.

"ఏమంటావు పైడమ్మా, ఇక్కడ బరువు తక్కువ కావడం వల్లేనా?"

"తెలియదండి."

"నువ్వు తెలియదని రాస్తే కౌన్సిలు చెడిందనే చదువుకుంటుంది."

"అయితే చదువుకోనివ్వండి. తెలియనిది తెలుసని నేను రాయను."

ఆయన వెళ్ళాక హైమ వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది, వెల్డింగు ముసుగు ఇంకా తల మీదే ఉంది. ఆమెది చీపురుపల్లి, నాది విజయనగరం. ఈ ఊళ్ళో నా యాసలో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఆమెను చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది, ఇవాళ మాత్రం ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

"ఏటమ్మా, మార్కులు చెప్పరేటి?"

చెప్పాను. ఆమె పెట్టె అద్దంలోంచి మొలకను చాలాసేపు చూసింది.

"ఇది చెడిపోతే నా కడుపులో పెరిగే గుంట కూడా చెడిపోయినట్టేనా?"

"అలా అని నాకు ఖచ్చితంగా తెలియదు హైమా."

"మరి కౌన్సిలుకి తెలుసా?"

హైమ నా మాట కోసం ఆగలేదు. ముసుగు కిందికి లాక్కుని వెళ్ళిపోయింది.

పొద్దు 422

పందొమ్మిదో వారం. ఇరవై రెండు.

శేషు కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు జల్లెడ కడిగాను. కౌన్సిలు పొద్దు 426న కూర్చుంటుంది. దానికి నేను నివేదిక ఇవ్వాలి. మూడు వాక్యాలు రాసి ఆపేశాను. 'దారి జన్యువు పని వరుసగా మూడు వారాలు తగ్గింది.' ఇది నిజమే. ఈ వాక్యంతో ఒక బిడ్డను తీసేస్తారు, అది కూడా నిజమే. నాకు భయం వేస్తోంది. ఇంతకంటే సైన్సుగా చెప్పడం నాకు చేతకావడం లేదు.

మార్కు ఇంకా రాకముందే, మధ్యాహ్నం క్యాంటీన్లో లాజర్ వేరుశనగలు వెయ్యలేదు. హైమే చెప్పింది, "నిన్నటి నుంచి తంతందమ్మా. కుడి వైపు."

పొద్దు 423

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

నివేదిక ఇచ్చే ముందు ఇంకొక్క చిటికెడు తీసి చూద్దామనుకున్నాను. గురువారం దాకా ఆగకుండా, నా అంతట నేనే. శేషు గాలి శాఖ మీటింగుకి వెళ్ళాడు. మర చేతిని మనిషి నడిపించడం ఈ ఊళ్ళో ఇదే మొదటిసారి. ప్రతిసారీ అదే తన వేళకు లేచి, తీసి, మార్కు వేసి పడుకుంటుంది. మేము వచ్చి మార్కు చూసుకోవడమే.

బటన్ నొక్కాను. చెయ్యి కదల్లేదు. మళ్ళీ నొక్కాను. దాని పక్కన ఉన్న చిన్న తెర మీద ఒక వాక్యం వచ్చింది.

'వర్జ్యం నడుస్తున్నది. దయచేసి ఆగండి.'

మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండిపోయింది. మీటింగు మధ్యలోంచి శేషును పిలిపించాను.

"ఇదేమిటి?"

తెర చూసి శేషు ముఖం ఎర్రబడింది. "అది భూమి మీద లాబ్‌లో పెట్టిందే మేడం. చెయ్యి అక్కడి నుంచే కదా వచ్చింది. దాంతోపాటే వచ్చేసింది."

"పంచాంగమా?"

"రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం. అంతకు మించి ఏమీ లేదు."

"తారాబలం వదిలేశారే పాపం. ఎవరు పెట్టారు?"

"అందరం కలిసే పెట్టాం. మొదటి విడత మొలకలన్నీ బూజు పట్టి పోయాయి, గుర్తుందా? పెట్టె తెరిచింది రాహుకాలంలో. అందువల్లే పోయాయని ఎవరూ అనలేదు. కానీ రెండో విడత తెరవాల్సి వచ్చినప్పుడు ఎవరూ ముందుకు రాలేదు. నువ్వు తెరువంటే నువ్వు తెరువని పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఎందుకొచ్చిన గొడవ, మర చేతికే పంచాంగం ఎక్కించేస్తే ఎవరికీ బాధ ఉండదని మీటింగులో అనుకున్నాం."

"నాకు చెప్పలేదేం?"

"మీరూ ఉన్నారు మేడం. కునుకు తీస్తున్నారు."

అది నిజమే అయ్యుంటుంది. నేను మీటింగుల్లో కునుకు తీస్తాను.

"సరే. ఇక్కడ రాహువు ఎప్పుడు వస్తాడో, ఎప్పుడు పోతాడో ఎవరు లెక్కేశారయ్యా?"

"ఎవరూ వెయ్యలేదు. ఇక్కడికి పంచాంగం లేదు కదా. అది ఊరి టైముకే నడుస్తుంది."

నేను ఇంకో మాట తిట్టబోయి ఆగిపోయాను. ఊరి టైముకే. చెయ్యి చిటికెడు తీసేది ఊరి టైముకు. మొలకకు తిండి అందేది, దీపం వెలిగేది మాత్రం ఇక్కడి టైముకు.

చెయ్యి రాసుకున్న వేళలు తెర మీదికి తెప్పించాను. అన్నీ గురువారాలే, ప్రతిసారీ రాహుకాలం వెళ్ళాక, మూడూ నాలుగు మధ్య. చూస్తే ఏ తేడా లేదు, అందుకే ఇన్నాళ్ళూ ఎవరమూ పట్టించుకోలేదు. వాటిని ఇక్కడి టైములోకి మార్చమన్నాను. శేషు మార్చి చదివాడు. ఎనభై ఆరు వచ్చినప్పుడు ఇక్కడ ఉదయం పది. అరవై ఒకటి వచ్చినప్పుడు తెల్లవారుజాము. ముప్ఫై నాలుగు వచ్చినప్పుడు నడిరేయి. ఇరవై రెండు వచ్చినప్పుడు రాత్రి భోజనాలు అయిపోయిన వేళ. పొద్దుకు నలభై నిమిషాల తేడా వారం తిరిగేసరికి నాలుగున్నర గంటలు అవుతుంది. వారం వారం మేము మొలకను అంత వెనక్కి వెళ్ళి చూస్తున్నాం.

శేషు చదవడం ఆపి నా వైపు చూశాడు.

"దారి చెడిపోవడం లేదేమో మేడం. రాత్రిపూట పడుకుంటోందేమో."

భూమి మీద ఆ సంగతి బయటపడే అవకాశమే లేదు. అక్కడ పంచాంగమూ దీపమూ ఒకే రోజును నమ్ముకుని ఉంటాయి. గురువారం మూడూ నాలుగు మధ్య అంటే అక్కడ ఎప్పుడూ పట్టపగలే.

ఏమో అన్నంత మాత్రాన కౌన్సిలు వినదు. నేనైనా వినను. రుజువు కావాలంటే ఒక పూర్తి పొద్దులో ఆరుసార్లు చిటికెడు తియ్యాలి. మొలకలో మిగిలింది సరిగ్గా అంతే. ఆరోసారి తీశాక పెట్టె ఖాళీ.

పొద్దు 424

హైమను, లాజర్‌ను, రామబ్రహ్మంగారిని లాబ్‌లో కూర్చోబెట్టి చెప్పాను. రామబ్రహ్మంగారు కూర్చోలేదు.

అంతా విన్నాక లాజర్ అన్నాడు, "అయితే మా బిడ్డకి వచ్చిన రోగం వర్జ్యమా?"

"కావచ్చు. కాకపోవచ్చు కూడా. అది తేలాలంటే మొలక మొత్తం అయిపోతుంది."

"అయిపోతే ఏమవుతుంది?"

నా బదులు రామబ్రహ్మంగారు చెప్పారు. "మొలక లేకుండా కడుపు కొనసాగించడానికి రూలు ఒప్పుకోదు. పైడమ్మ అనుకున్నది తప్పయితే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. ఒప్పయినా సరే, మిగిలిన నాలుగున్నర నెలలు బిడ్డ ఎలా ఉందో చూసే మార్గం ఉండదు. ఉన్న మొలకను ఉంచుకుని ఇంకో వారం గడువు అడగొచ్చు. నేను అడుగుతాను."

ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది. నాకు ఆయన మీద కోపం రాలేదు, అది నాకే ఆశ్చర్యం. వారం ఆగితే చెయ్యి ఇక్కడి మధ్యాహ్నం తీస్తుంది, మార్కు పెరుగుతుంది. కానీ ఒక్కసారి పెరిగితే కౌన్సిలు నమ్మదు. గడువు ఇస్తుందో లేదో కూడా తెలియదు. ఈ మాటలన్నీ హైమకు చెప్పాను. ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

లాజర్ తల వంచుకుని పెదాలు కదుపుతున్నాడు. ప్రార్థన కావచ్చు. హైమ చాలాసేపు చేతి మీద కాలిన మచ్చ గోక్కుంది.

"ఆ ఆరుసార్లు మీ చెయ్యి తీస్తుందా, మీరు తీస్తారా?" అని అడిగింది చివరికి.

"పంచాంగం పీకేశాం. నేనూ శేషూ తీస్తాం."

"గొట్టం లీకవుతుందని అనుమానం వస్తే నేను గాలి ఆపి మొత్తం విప్పేస్తాను. సగం విప్పి చూస్తే ఏటీ తెలీదు. తీసేయండమ్మా."

"హైమా," అన్నాడు లాజర్.

"నువ్వు ప్రార్థన చెయ్యి. ఆమెను తియ్యనీ."

పొద్దు 425

తీశాం.

దీపాలు వెలిగి తిండి అందిన మూడు గంటలకు ఎనభై ఎనిమిది. ఆ అంకె చూసినా నేను సంతోషపడలేదు, ఒక్క అంకెతో ఇంతకుముందే మోసపోయి ఉన్నాను. మధ్యాహ్నం ఎనభై మూడు. సాయంత్రం యాభై. రాత్రివి శేషు తీశాడు, ఇరవై మూడు, ముప్ఫై ఒకటి. ఆఖరుది తెల్లారే ముందు తీయాలి. పెట్టెలో మిగిలింది ఆవగింజంత. శేషు నా మణికట్టు పట్టుకున్నాడు, ఇద్దరం కలిసి తీశాం.

అరవై.

దారి చెడిపోలేదు. పొద్దున లేచి పనికి వెళుతోంది, రాత్రి పడుకుంటోంది. ఇక్కడి పొద్దునే లేస్తోంది, ఇక్కడి రాత్రే పడుకుంటోంది. శేషు కాగితం మీద ఆరు చుక్కలు పెట్టి కలిపాడు. గీత దిగి, మళ్ళీ ఎక్కుతోంది. దాన్ని చూసి నేను ఏడ్చాను. ఈసారి శేషు జల్లెడ కడిగాడు.

ఒక్క సంగతి మనసులోంచి పోవడం లేదు. మేము నాలుగు వందల మందిమి ఇక్కడికి వచ్చి సంవత్సరం దాటింది. ఇప్పటికీ గోడ మీద ఊరి గడియారమే చూస్తున్నాం. ఇంకా పుట్టని ఆ పిల్ల కణాలకు మాత్రం ఇదే ఊరు.

పొద్దు 426

కౌన్సిలు గంటన్నర కూర్చుంది. గీత చూపించాను. పంచాంగం సంగతి చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. నలుగురైదుగురు బల్ల వైపు చూశారు. వాళ్ళ శాఖల్లో యంత్రాలకు ఏమేం ఎక్కించారో నేను అడగలేదు.

"మొలక లేదు," అన్నారు రామబ్రహ్మంగారు. "ఇకమీదట దేన్ని చూస్తావు?"

"తల్లిని చూస్తాను. మా అమ్మను కూడా అలాగే చూశారు. ఈ గదిలో అందరి అమ్మలనూ అలాగే చూశారు."

ఓటు వేశారు. నిలపడానికి అయిదుగురు, వద్దని నలుగురు. అయిదో చెయ్యి రామబ్రహ్మంగారిది. బయటికి వచ్చాక ఆయనకు దండం పెట్టాను. "నాకెందుకు పెడతావు, నేనింకా భయపడుతూనే ఉన్నాను," అన్నారు.

హైమ బయట నేల మీద కూర్చుని ఉంది. చెప్పగానే పక్కనున్న లాజర్ చెయ్యి అందుకుని తన కడుపు మీద, కుడి వైపు పెట్టుకుంది. నేనూ వాళ్ళ పక్కనే కూర్చున్నాను. ముగ్గురం కాసేపు అక్కడే ఉన్నాం. మధ్యాహ్నం ఊరంతా భోజనాలకు ఆలస్యమైంది, వండేవాడు లేడు కదా.

పొద్దు 566

నూట నలభై పొద్దులుగా నేను హైమ కాళ్ళ వాపు, రక్తపోటు, తిండి, తిట్లు అన్నీ ఈ లాగ్‌లో రాస్తూ వచ్చాను. బిడ్డ మెదడు గురించి మాత్రం ఒక్క వాక్యం కూడా రాయలేదు. తెలియనిది నేను రాయను.

నిన్న రాత్రే హైమకు నొప్పులు మొదలయ్యాయి. దీపాలు వెలిగి రెండు గంటలైనా బిడ్డ దిగలేదు. ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చని రామబ్రహ్మంగారు అన్నారు. చేతులు కడుక్కుంటూ, ఎవరి వైపూ చూడకుండా, "చెయ్యాల్సే వస్తే, ఏ టైముకి..." అని మధ్యలో ఆపేశారు.

ఆ గది గోడకు కూడా ఊరి గడియారం ఉంది. అందరి కళ్ళూ అటే వెళ్ళాయి. శేషు వెళ్ళి దాన్ని గోడవైపుకు తిప్పేశాడు.

మంచం మీది నుంచి హైమ అంది, "నాకు ఏ టైమూ వద్దు. బేగి కానివ్వండి."

ఆపరేషన్ అవసరం పడలేదు. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చింది, ఆ తర్వాత ఆపి అందరినీ చూసింది. తలుపు బయట ఉన్న లాజర్ ఏడుపు విని చేతిలో గరిటె జారవిడిచాడు. గరిటె ఎందుకు తెచ్చుకున్నాడో అతనికీ తెలియదు. ఆ చప్పుడుకు పిల్ల ఉలిక్కిపడి రెండు చేతులూ బార్లా చాచింది. ఉలిక్కిపడాల్సిన చోట ఉలిక్కిపడింది. బిడ్డ మెదడు గురించి నేను రాస్తున్న మొదటి వాక్యం ఇదే.

పుట్టుక రిజిస్టరులో టైముకు రెండు గళ్ళున్నాయి. మొదటి గడిలో నేను రాశాను, పొద్దు 566, ఉదయం తొమ్మిదింపావు. రెండోది ఊరి టైము.

"ఇదెంత?" అన్నారు రామబ్రహ్మంగారు కలం పట్టుకుని.

"చూడలేదండి," అన్నాడు శేషు.

ఆయన గడి ఖాళీగా వదిలేసి సంతకం పెట్టారు. శేషు అబద్ధమాడాడు. గడియారం తిప్పేటప్పుడు అతను చూడడం నేను చూశాను. అందరూ వెళ్ళాక పక్కకు పిలిచి అడిగాను.

"రాహుకాలమా?"

"హైమకి ఆకలేస్తోందట మేడం. ఉప్మా చెయ్యమని లాజర్‌కి చెప్పొస్తాను," అని వెళ్ళిపోయాడు.

నేనూ మళ్ళీ అడగలేదు.